పసుపు దీపం వెనుక పనితనం

టైరులో గాలి ఎంతుందో తెలియాలంటే వాల్వుకు గేజీ పెట్టి చూడాలి. సైకిల్ నుంచి లారీ దాకా అందరం ఎరిగిన పద్ధతి అదే. కానీ ఇవాళ మన మధ్య తిరుగుతున్న కార్లలో కొన్నింటికి గేజీ లేదు, టైరు లోపల ఏ పరికరమూ లేదు. అయినా గాలి తగ్గిన సంగతి వాటికి తెలుస్తుంది. బాగా తగ్గితే మీటర్ బోర్డులో పసుపు దీపం వెలుగుతుంది. టైరును అడ్డంగా కోస్తే కనబడే ఆకారం, దాని మధ్యలో ఒక ఆశ్చర్యార్థకం, అదీ దాని గుర్తు. గాలి కొట్టించాక కూడా ఒక్కోసారి అది ఆరదు. అప్పుడు రీసెట్ చేయాలంటారు. బటన్ నొక్కి పట్టుకుంటే అయిపోయే పని. ఆ బటన్ వెనక ఎంత ఆలోచన దాగి ఉందో చూస్తే, దాన్ని తయారుచేసిన ఇంజనీర్ల మీద గౌరవం కలుగుతుంది.

హుజూర్‌నగర్ చుట్టుపక్కల బండి నడిపేవాళ్లకు ఈ దీపంతో నిజమైన అవసరం ఉంది. మఠంపల్లి, మేళ్లచెరువు, పాలకవీడు వైపు నేలలో సున్నపురాయి ఉంది కాబట్టి సిమెంటు ఫ్యాక్టరీలు వచ్చాయి. ఫ్యాక్టరీలు ఉన్నాయి కాబట్టి పగలూ రాత్రీ లారీలు తిరుగుతాయి. సాగర్ ఎడమ కాలువ కింద పండిన వడ్లు మిర్యాలగూడ మిల్లులకు ఇదే దారిన పోతాయి. మిర్యాలగూడ నుంచి నేరేడుచర్ల, హుజూర్‌నగర్ మీదుగా కోదాడ చేరే 167వ నంబరు జాతీయ రహదారి మీద లారీ బాడీ నుంచి ఊడిన మేకులకూ, ట్రాక్టర్ ట్రాలీల నుంచి రాలిన బోల్టులకూ కొదవ లేదు. ఆ మేకును టైరులో పెట్టుకునే కోదాడలో 65వ నంబరు రహదారి ఎక్కుతాం, హైదరాబాద్ వైపో విజయవాడ వైపో వంద వేగంతో పోతాం.

ట్యూబ్ ఉన్న రోజుల్లో మేకు దిగితే కాసేపట్లోనే గాలి మొత్తం పోయేది, బండి ఒక పక్కకు లాగేది, దిగి చూసేవాళ్లం. ట్యూబ్‌లెస్ టైరు అలా కాదు. మేకును గట్టిగా పట్టుకుని ఉంటుంది, రోజుకు ఒకటో రెండో పాయింట్ల చొప్పున గాలి వదులుతుంది. కంటితో చూస్తే తెలియదు, ఎందుకంటే రేడియల్ టైరు నిండా గాలి ఉన్నా కింద కాస్త ఉబ్బే కనిపిస్తుంది. గాలి తగ్గిన టైరు పక్కగోడ ప్రతి చుట్టుకూ మామూలుకన్నా ఎక్కువ వంగి లేస్తుంది. వంగిన ప్రతిసారీ వేడి పుడుతుంది. మే నెల ఎండలో, ఇంటిల్లిపాదీ ఎక్కి, డిక్కీ నిండా సామానుతో పోతున్నప్పుడు ఆ వేడి ఎటు దారితీస్తుందో రహదారి అంచున పడి ఉండే టైరు పీలికలే చెబుతాయి.

కంటికి తెలియని ఈ తగ్గుదల కారుకు ఎలా తెలుస్తుందో చూడాలంటే బ్రేకు దగ్గర మొదలుపెట్టాలి. మన దేశంలో 2019 ఏప్రిల్ నుంచి కొత్త కార్లన్నిటికీ ఏబీఎస్ తప్పనిసరి. బ్రేకు గట్టిగా తొక్కినప్పుడు చక్రం బిగుసుకుపోకుండా చూడడం దాని పని. అందుకోసం ప్రతి చక్రం దగ్గరా ఒక చిన్న సెన్సార్ ఉంటుంది. చక్రంతోపాటు తిరిగే పళ్ల రింగునో, అయస్కాంతపు రింగునో అది చూస్తూ ఒక్కో పన్ను దాటినప్పుడల్లా ఒక లెక్క వేస్తుంది. చాలా కార్లలో చుట్టుకు 48 లెక్కలు వస్తాయి. బ్రేకు కోసం పెట్టిన ఈ నాలుగు సెన్సార్లనే గాలి సంగతికీ వాడుకోవచ్చని ఎవరికో తట్టింది. కొత్తగా ఒక్క వస్తువు కూడా బిగించకుండా, ఉన్న లెక్కల్లోంచే కొత్త కబురు రాబట్టడం. పొదుపుగా ఆలోచించే మనిషి చేసే పని ఇది. ఈ పద్ధతిలో నాకు మొదట నచ్చింది అదే.

సూత్రం చిన్నది. గాలి తగ్గితే టైరు కాస్త కుంగుతుంది, ఇరుసు నేలకు దగ్గరవుతుంది, అదే దూరం పోవడానికి ఆ చక్రం కాస్త ఎక్కువ తిరగాలి. మిగతా మూడింటికన్నా ఒకటి ఎక్కువ తిరుగుతోందంటే దానిలో గాలి తగ్గినట్టు. వినడానికి తేలికే. చేతిలోకి తీసుకుంటే కష్టం తెలుస్తుంది. 195/65 ఆర్15 సైజు టైరు చుట్టుకొలత దాదాపు రెండు మీటర్లు. కిలోమీటరుకు 500 చుట్లు తిరుగుతుంది, అంటే 24,000 లెక్కలు. టైరు లోపల ఉక్కు తీగల పట్టీ ఉంటుంది కాబట్టి గాలి బాగా దిగినా తిరిగే కొలతలో తేడా ఒక్క శాతం కూడా రాదు. 0.3 శాతం వచ్చిందనుకుందాం. కిలోమీటరుకు ఒకటిన్నర చుట్టు ఎక్కువ, 24,000 లెక్కల్లో 72 ఎక్కువ. ఆ 72ను పట్టుకోవాలి.

పట్టుకోవడానికి రోడ్డు ఊరుకుంటుందా? మలుపు తిరిగితే బయటి చక్రాలు ఎక్కువ దూరం పోతాయి, లోపలివి తక్కువ. ఆ తేడా ముందు 72 ఏ మూలకు? ముందు చక్రాలు పోయే దారి వెనక చక్రాల దారికన్నా కొంచెం పెద్దది. ఇంజన్ లాగే చక్రాలు ఆక్సిలరేటర్ తొక్కినప్పుడు పిసరంత జారుతూ తిరుగుతాయి. ఇన్ని అల్లర్ల మధ్య గాలి తాలూకు చిన్న తేడా మునిగిపోవాలి.

దీనికి దొరికిన విరుగుడు మన ఊళ్లలో ఇల్లు కట్టే మేస్త్రీకి తెలిసిందే. పునాదికి ముగ్గు పోసి, నాలుగు మూలలూ సరిగా కుదిరాయో లేదో చూడాలంటే అతను పక్కలు కొలిచి వదిలేయడు. మూలకు మూల తాడు పట్టి రెండు కర్ణాలూ సమానమేనా అని చూస్తాడు. కారులోని లెక్కా అంతే. ముందు ఎడమ చక్రాన్నీ వెనక కుడి చక్రాన్నీ కలుపుతుంది. ముందు కుడి చక్రాన్నీ వెనక ఎడమ చక్రాన్నీ కలుపుతుంది. రెండు మొత్తాలనూ పక్కపక్కన పెట్టి చూస్తుంది. ప్రతి జతలోనూ ఒక ముందు చక్రం, ఒక వెనక చక్రం ఉన్నాయి. ఏ మలుపు తిరిగినా ప్రతి జతలోనూ ఒకటి బయటిది, ఒకటి లోపలిది. మలుపు తెచ్చిన తేడా రెండు వైపులా సమానంగా పడి కొట్టుకుపోతుంది. ఇంజన్ లాగుడు తెచ్చిన తేడా కూడా చాలా మటుకు అలాగే పోతుంది. ఇక మిగిలేది ఏదో ఒక టైరు కుంగడం వల్ల వచ్చిన తేడానే. ఒక కూడిక, ఇంకో కూడిక, ఒక తీసివేత, అంతే. ఇంత తక్కువ గణితంతో ఇంత గందరగోళాన్ని తుడిచేసిన పని నేను యంత్రాల్లో ఎక్కువగా చూడలేదు.

అయితే కర్ణాల లెక్కకు ఒక గుడ్డిచోటు ఉంది. ముందు రెండు టైర్లలోనూ ఒకేలా గాలి తగ్గితే చెరో జతలో ఒకటి పడుతుంది, తేడా సున్నా. నాలుగింటిలోనూ మెల్లగా తగ్గితే అప్పుడూ సున్నానే. వాస్తవానికి అశ్రద్ధ వల్ల గాలి దిగేది ఎక్కువగా ఇలాగే, నాలుగింటిలో కలిసికట్టుగా. ఈ లోపం మీద అమెరికాలో కోర్టు దాకా పోయారు. 2000 ఆగస్టులో అక్కడ ఫైర్‌స్టోన్ కంపెనీ 65 లక్షల టైర్లను వెనక్కి పిలిచింది. ఎక్కువగా ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్ బండ్లకు బిగించిన ఆ టైర్ల పొరలు పరుగులోనే ఊడిపోయి రెండు వందల మందికి పైగా చనిపోయారు. ఆ ఏడాది నవంబర్‌లోనే చట్టం చేసి, గాలి తగ్గితే డ్రైవర్‌కు చెప్పే ఏర్పాటు ప్రతి కారులో ఉండాలన్నారు. 2002లో వచ్చిన నిబంధన మాత్రం ఒక్క టైరు తగ్గితే చెప్పినా చాలన్నట్టు కంపెనీలకు వెసులుబాటు ఇచ్చింది. పబ్లిక్ సిటిజన్ అనే ప్రజాసంస్థ దావా వేసింది. 2003లో అప్పీలు కోర్టు ఆ వెసులుబాటును కొట్టేసింది. 2005 నాటి కొత్త నిబంధన ప్రకారం నాలుగింటిలో ఎన్ని టైర్లు తగ్గినా, సిఫారసు చేసిన గాలికన్నా 25 శాతం దిగేసరికి దీపం వెలగాలి. 2007 సెప్టెంబర్ నుంచి అక్కడ కొత్త కార్లన్నిటికీ ఇదే నియమం. 33 పాయింట్లు ఉండాల్సిన టైరు 25కు దగ్గరపడితే దీపం వెలగాలన్నమాట.

చక్రాల లెక్కల పద్ధతి ఇక అయిపోయిందనే అనుకున్నారు చాలామంది. అవే లెక్కల్లోంచి ఇంకో కబురు రాబట్టినవాళ్లు ఉన్నారు. స్వీడన్‌లోని లింషాపింగ్‌లో 2001లో మొదలైన నైరా డైనమిక్స్ వాళ్లలో ముఖ్యమైనది. రోడ్డు ఎంత నున్నగా ఉన్నా దాని గరుకుకు టైరు అదురుతుంది, రిమ్ముకూ నేలకూ మధ్య సన్నగా మెలిపడి విడుతుంటుంది. ఆ అదురుకు సొంత లయ ఉంది, సెకనుకు నలభై యాభై సార్ల ప్రాంతంలో. గాలి నిండుగా ఉన్న టైరు బిగువుగా ఉంటుంది కాబట్టి త్వరగా అదురుతుంది. గాలి తగ్గితే లయ నెమ్మదిస్తుంది. పళ్ల రింగు మీది లెక్కలు ఒకదాని తర్వాత ఒకటి ఎంత వ్యవధిలో పడుతున్నాయో సూక్ష్మంగా చూస్తే ఈ అదురు బయటపడుతుంది. ఇక్కడ పక్క చక్రంతో పోలిక అక్కరలేదు, ప్రతి టైరూ తన కబురు తానే చెబుతుంది. నాలుగూ కలిసి తగ్గినా పట్టుబడతాయి.

ఇంత చేసినా ఈ ఏర్పాటుకు ఒక సంగతి ఎప్పటికీ తెలియదు. టైరులో గాలి 33 ఉందా 30 ఉందా అన్న అంకె దానికి లేదు. ‘అప్పుడు ఎలా ఉండేది, ఇప్పుడు ఎలా ఉంది’ అన్నది మాత్రమే తెలుసు. ఆ ‘అప్పుడు’ ఏదో ఎవరు చెప్పాలి? కొత్త టైరు వేస్తే కొలత మారుతుంది. అరిగిన టైరు చుట్టుకొలత తగ్గుతుంది. ముందు చక్రాలు వెనక్కి, వెనకవి ముందుకు మార్చినా మారుతుంది. ఇవేవీ ప్రమాదాలు కావు, కానీ యంత్రానికి ఆ తేడా తెలిసే దారి లేదు. అందుకే ఆ బటన్. ‘ఇప్పుడు నాలుగూ సరిగా ఉన్నాయి, దీన్నే గుర్తుంచుకో’ అని మనిషి యంత్రానికి మాట ఇవ్వడమే రీసెట్. ఆ మాటను యంత్రం ప్రశ్నించదు. మేకు దిగిన టైరుతో బటన్ నొక్కితే ఆ కుంగిన టైరునే మంచిదిగా రాసుకుంటుంది, అక్కడి నుంచి ఇంకా చాలా దిగేదాకా నోరు మెదపదు. దీపం ఆరింది కదా అని మనం నిశ్చింతగా హైవే ఎక్కుతాం. చూసేవాణ్ణి నిద్రపుచ్చి ఇంటికి తాళం వేయకుండా పోవడం ఇది.

కాబట్టి రీసెట్‌లో అసలు పని బటన్ నొక్కకముందే జరగాలి. డ్రైవర్ తలుపు తీస్తే స్తంభం మీద చిన్న స్టిక్కర్ కనిపిస్తుంది. ముందు ఎంత, వెనక ఎంత, నిండా జనం ఎక్కితే ఎంత అని అందులో ఉంటుంది. ఆ అంకెలు చల్లటి టైరుకు చెప్పినవి. చల్లటిదంటే ఎండలో నిలపకుండా, కనీసం మూడు గంటలు కదలకుండా ఉన్న బండి. ఈ షరతును మన దగ్గర ఎవరూ పట్టించుకోరు, మన దగ్గరే అది ఎక్కువ ముఖ్యం. వేసవి మధ్యాహ్నం సూర్యాపేట నుంచి ఆగకుండా వచ్చిన కారు టైరు లోపల గాలి 60 డిగ్రీలు ఉందనుకోండి. బంకులో ఆగి 33 పెట్టించాం. అదే గాలి ఒక చల్లటి ఉదయం 20 డిగ్రీలకు దిగితే గేజీ చూపేది 27. ఒక్క పాయింటు కూడా ఎక్కడా కారలేదు, వేడి పోయింది, అంతే. పది డిగ్రీలకు ఒకటిన్నర పాయింట్లు అని లెక్క గుర్తుంచుకుంటే చాలు. డిసెంబర్ ఉదయాల్లో మేకు లేకుండానే దీపం వెలిగే కార్లన్నిటి కథా ఇదే.

తప్పనిసరై వేడి టైరుకు గాలి కొట్టించాల్సి వస్తే స్టిక్కర్ మీది అంకెకు మూడు నాలుగు పాయింట్లు ఎక్కువ పెట్టించి, మర్నాడు పొద్దున చల్లగా ఉన్నప్పుడు సరిచూసుకోవాలి. బటన్ ఆ తర్వాతే. కొన్ని కార్లలో అది స్టీరింగ్ కింద ఉంటుంది, కొన్నింటిలో స్క్రీన్ మెనూలో దాగి ఉంటుంది. తాళం ఆన్ చేసి, బండి కదలకుండా ఉన్నప్పుడు దీపం మిణుకుమనేదాకా పట్టుకోవాలి. అక్కడితో పని పూర్తవదు. ఏ వేగంలో ఏ చక్రం ఎలా తిరుగుతుందో యంత్రం కొత్తగా నేర్చుకోవాలి. రకరకాల వేగాల్లో అరగంటో గంటో నడవాలి. హుజూర్‌నగర్ నుంచి మిర్యాలగూడ దాకా ఒకసారి వెళ్లొస్తే చాలు. ఈలోగా ఏదైనా తగ్గితే అది చెప్పలేకపోవచ్చు. అందుకే మొదట గేజీ అంత నమ్మకంగా ఉండాలి.

రెండో జాతి కార్లు వేరు. వాటిలో ప్రతి టైరు లోపలా వాల్వు వెనక సెన్సార్ ఉంటుంది. మన పెనుకొండ దగ్గరి కియా ఫ్యాక్టరీ నుంచి 2022లో వచ్చిన కారెన్స్‌లో చవక రకం నుంచి ఖరీదైనదాని దాకా ఇవి పెట్టారు. స్క్రీన్ మీద నాలుగు టైర్లకూ నాలుగు అంకెలు కనిపిస్తాయి. నిజంగా గాలినే కొలుస్తాయి కాబట్టి వీటికి గాలి సరిచేసి కాస్త దూరం నడిపితే చాలు, దీపం దానంతటదే ఆరుతుంది. ఒక్కో సెన్సార్ బరువు దాదాపు 30 గ్రాములు. గంటకు వంద కిలోమీటర్ల వేగంలో చక్రం తిరుగుతుంటే ఆ 30 గ్రాములు నాలుగున్నర కిలోల బలంతో బయటికి లాగబడతాయి. ఆ లాగుడులో, ఆ వేడిలో, మార్చడానికి వీల్లేని ఒక చిన్న బ్యాటరీతో అయిదు నుంచి పదేళ్లు పనిచేయాలి. అందుకే బండి ఆగితే నిద్రపోతుంది, కదిలితే లేస్తుంది, రేడియోలో కబురు పంపి మళ్లీ మౌనంగా ఉంటుంది.

చక్రాలు మార్చి బిగించినప్పుడు ఏ సెన్సార్ ఏ మూలన ఉందో కొన్ని కార్లు తామే కనుక్కునే తీరు మరీ ముచ్చటైనది. సెన్సార్ తాను చుట్టులో ఒకే చోట, ఉదాహరణకు సరిగ్గా పైకి వచ్చినప్పుడు, కబురు పంపుతుంది. ఆ క్షణాన ఏబీఎస్ పళ్ల లెక్క ఏ చక్రంలో ప్రతిసారీ ఒకే చోట ఉంటోందో కారు చూస్తుంది. నాలుగు చక్రాలూ ఎప్పుడూ సరిగ్గా సమానంగా తిరగవు కాబట్టి కాసేపటికి ఒక్కటే సరిపోలుతుంది. ఆ సెన్సార్ ఇల్లు అదే.

ఈ సెన్సార్ ఎన్నాళ్లు బతుకుతుందన్నది టైరు దుకాణంలో చేతుల మీద ఆధారపడి ఉంది. ఎరిగిన పనివాడు టైరు విప్పే ముందు వాల్వు చూస్తాడు. మెషీన్ పలక వాల్వుకు ఎదురుగా, దూరంగా పడేలా చక్రాన్ని తిప్పి పెడతాడు. వాల్వు దగ్గర పలక దించితే లోపలి సెన్సార్ పుటుక్కున విరుగుతుంది, వేల రూపాయల నష్టం. అల్యూమినియం వాల్వులో మామూలు ఇత్తడి పిన్ను పెట్టడు, నికెల్ పూతది పెడతాడు. రెండు లోహాలూ కలిస్తే తేమకు తుప్పు పట్టి పిన్ను అతుక్కుపోతుంది. లోహపు మూత బదులు ప్లాస్టిక్ మూత బిగిస్తాడు. టైరు మార్చినప్పుడు వాల్వు రబ్బరు వాషర్ కూడా మారుస్తాడు. పంక్చర్ వేశాక సబ్బు నీళ్లు పోసి బుడగ రాదని తేల్చుకున్నాకే చక్రం బిగిస్తాడు. చూసేవాళ్లకు ఇవన్నీ ఆలస్యంలా కనిపిస్తాయి. లింషాపింగ్‌లో లెక్కలు కట్టినవాళ్ల శ్రద్ధా ఈ చేతుల శ్రద్ధా ఒక్క కోవకు చెందినవే. పని మీది గౌరవం రెండు చోట్లా సమానం.

ఇంకో సంగతి కూడా తెలిసి ఉండాలి. బండి స్టార్ట్ చేయగానే దీపం నిమిషం పైగా మిణుకుమిణుకుమని, ఆ తర్వాత నిలకడగా వెలిగితే గాలి తగ్గినట్టు కాదు, ఏర్పాటే చెడినట్టు. సెన్సార్ బ్యాటరీ అయిపోయి ఉండొచ్చు, వైరు తెగి ఉండొచ్చు. దానికి గాలీ రీసెట్టూ మందు కాదు, మెకానిక్ దగ్గరకు పోవాలి. మన దేశంలో 2020లో నిబంధనలు మార్చి, ట్యూబ్‌లెస్ టైర్లూ ఈ హెచ్చరికా పంక్చర్ కిట్టూ ఉన్న కార్లకు స్టెప్నీ లేకపోయినా ఫరవాలేదన్నారు. అలాంటి కారు కొన్నవాళ్లకు ఈ దీపమే స్టెప్నీ. ఆ కిట్టులోని పేస్టు లోపల సెన్సార్ రంధ్రాన్ని మూసేయవచ్చని కూడా గుర్తుంచుకోవాలి, వాడిన తర్వాత టైరు దుకాణంలో ఆ మాట చెప్పాలి.

కారున్నవాళ్లకు నా విన్నపం ఇదే. లైటు ఆర్పమని అడగకండి, గాలి చూడమని అడగండి. నాలుగు టైర్లకూ గేజీ పెట్టించి, అంకెలు మీ కంటితో చూశాకే బటన్ నొక్కండి. పెట్రోల్ బంకులో గాలి ఉచితం, మంచి గేజీ ఒకటి కొని డాష్‌బోర్డు అరలో వేసుకుంటే ఏళ్ల తరబడి వస్తుంది. నెలకోసారి పొద్దున్నే, బండి కదలకముందు చూసుకోండి. స్టెప్నీ ఉంటే దాన్నీ చూడండి. దాదాపు ఏ కారులోనూ ఆ పసుపు దీపం అయిదో టైరును పట్టించుకోదు.